ఏటా జనవరి ఒకటిన పెట్టుకున్న నిర్ణయాలు సంక్రాంతికే ఎందుకు ఆగిపోతున్నాయి? ఈసారి నిలబడాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: వయసు 29, ఉండేది కాజీపేట, హన్మకొండలో బండ్ల షోరూంలో ఉద్యోగం. ఏటా కొత్త డైరీ కొని నిర్ణయాలు రాసుకుంటారు, సంక్రాంతి దాటేసరికి అన్నీ ఆగిపోతాయి. ఈసారి జాబితాలో ఏడున్నాయి: పొద్దున ఐదింటికి లేవడం, భద్రకాళి బండ్ మీద వాకింగ్, పది కిలోలు తగ్గడం, గ్రూప్-2కు రోజూ మూడు గంటల చదువు, నెలకు ఐదు వేల పొదుపు, ఫోన్ తగ్గించడం, బయటి తిండి మానేయడం. "నాలో పట్టుదల లేదా, పద్ధతి తప్పా?" అని అడిగారు.

పద్ధతే తప్పు. ఏడింట్లో ఒక్కటే ఉంచుకోండి. దానికి చేసే రోజుల లెక్కతో పాటు తప్పే రోజుల లెక్క కూడా ముందే వేయండి. తప్పిన తెల్లారి ఏం చేస్తారో ఒక్క వాక్యం ఇప్పుడే రాసిపెట్టుకోండి. మొదటిది అందరూ చెప్తారు. రెండోది, మూడోది ఎవరూ చెప్పరు. నేను చూసినంతలో నిలబడేవాళ్లకూ ఆగిపోయేవాళ్లకూ తేడా ఆ రెండింటి దగ్గరే వస్తుంది.

నాకు ఎట్లా తెలుసంటే, నయీంనగర్ దగ్గర ఒక రీడింగ్ రూమ్ నడుపుతున్నాను. అంతకు ముందు ఇంటర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ని. మా తలుపు పక్కన బల్ల మీద ఒక రిజిస్టర్ ఉంటుంది: పేరు, వచ్చిన టైము, పోయిన టైము, సంతకం. పోటీ పరీక్షల పిల్లలే ఎక్కువ. ఈ మధ్య మీలాగా ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు వచ్చేవాళ్లు కూడా పెరిగారు. కొత్త సంవత్సరం నిర్ణయం ఏ రోజు పుట్టింది, ఏ రోజు పోయింది అన్నది ఆ రిజిస్టర్లో తారీఖుతో సహా కనిపిస్తుంది.

జనవరి మొదటి వారంలో మా దగ్గర క్యాబిన్లు చాలవు, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తాం. నెల ఫీజు ముందే కట్టి, లాకర్ తీసుకుని, రంగు రంగుల హైలైటర్లతో వస్తారు. భోగికి ఒకట్రెండు రోజుల ముందు ఊళ్లకు పోతారు. పండుగ అయ్యాక చూస్తే చాలా బల్లల మీద పుస్తకాలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి, మనిషి రాడు. ఫీజు మాత్రం నెలాఖరు దాకా కట్టే ఉంటుంది. మాలాంటి వాళ్ల వ్యాపారం కొంత ఈ రాని మనుషుల మీదే నడుస్తుంది, అది వేరే సంగతి.

కొత్తవాళ్లకు నమ్మబుద్ధి కానిది ఒకటి చెప్తాను. మొదటి పది రోజులు ఒక్క పూట కూడా తప్పకుండా ఆరింటికే తలుపు తట్టేవాళ్లు చాలామంది అందరికన్నా ముందు మాయమవుతారు. ఏళ్ల తరబడి నిలిచి, చివరికి ఏదో ఒక ఉద్యోగం కొట్టినవాళ్ల పేజీలు తిప్పితే నిండుగా ఉండవు. ఖాళీలు ఉంటాయి. కానీ ఒక్కో ఖాళీ ఒకటి రెండు రోజులే. ఆగిపోయినవాళ్ల పేజీలో మొదట వరుసగా సంతకాలు, తర్వాత ఒకే ఒక్క ఖాళీ, అది పేజీ చివరిదాకా.

ఫోన్ చేసి అడిగితే వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే. "ఎట్లాగూ ఈ నెల ఖరాబైంది సార్, ఫస్ట్ తారీఖు సంది మంచిగ షురూ చేస్త." ఖరాబైనవి పండుగ నాలుగు రోజులు. ఆ నాలుగింటి కోసం మిగిలిన పదిహేను రోజులు పారేస్తున్నాడు. మీ డైరీ పండుగ తర్వాత ఖాళీగా ఉంటుందన్నారు కదా, అక్కడ జరుగుతున్నదీ ఇదే.

అమెరికాలో స్క్రాంటన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ నార్‌క్రాస్ 1980ల్లో 200 మంది కొత్త సంవత్సరం నిర్ణయాలను రెండేళ్ల పాటు గమనించాడు. మొదటి వారం నిలబెట్టుకున్నవాళ్లు 77 శాతం, రెండేళ్లకు మిగిలినవాళ్లు 19 శాతం. ఈ రెండు అంకెలే అందరూ ఎత్తి రాస్తారు. నాకు అసలైనది దాని కింద ఉన్న ఇంకో అంకె: చివరిదాకా నిలిచినవాళ్లలో కూడా 53 శాతం మంది మధ్యలో జారారు, సగటున 14 సార్లు. గెలిచినవాళ్లలో సగం మందికి పైగా తప్పుతూ లేస్తూ వచ్చినవాళ్లే. మా రిజిస్టర్ చెప్పేదీ అదే.

ఇక జనవరి సంగతి. మన వైపు కొత్త నిర్ణయానికి ఇంతకన్నా ఇబ్బందైన నెల లేదు. ఒకటో తారీఖు దాటి రెండు వారాలు కాకముందే భోగి. భోగితోనే ఐనవోలు మల్లన్న జాతర మొదలు, అది ఉగాది దాకా సాగుతుంది. సంక్రాంతికే కొత్తకొండ వీరన్న జాతర. ఆ తర్వాత ఆదివారాలు కొమురెల్లి మల్లన్న. మేడారం ఉన్న ఏడైతే ఇంక చెప్పేదేముంది. మాఘ పౌర్ణమి వేళకు రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతర 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా పడింది, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా పడింది. ఆ నాలుగు రోజులు జాతరకు పోనివాడి ఇంట్లో కూడా పోయొచ్చే చుట్టాలు ఉంటారు. ఆపైన మాఘమాసం పెళ్లిళ్లు, శివరాత్రి. మీ షోరూంలో మార్చి నెలాఖరు టార్గెట్లు కూడా ఉండే ఉంటాయి.

ఇవేవీ చెప్పకుండా వచ్చి మీద పడేవి కావు. అన్నీ క్యాలెండర్లో ముందే అచ్చయి ఉంటాయి. అయినా మనం "రోజూ" అని రాస్తాం. రోజూ అని రాసిన క్షణంలోనే పదమూడో తారీఖున ఓడిపోవడానికి ఒప్పుకున్నట్టు.

అందుకని కొత్తగా చేరేవాళ్లకు నేను మొదట చెప్పే పని ఇది. గోడ క్యాలెండర్ దించి మూడు నెలలకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టండి: పండుగ, జాతర, చెల్లె పెళ్లి, ఊళ్లో పెద్దమనిషి సంవత్సరీకం, నెలాఖరు టార్గెట్. ఆ రోజుల్లో ఏమీ చేయరు. అది తప్పడం కాదు, సెలవు. సెలవు అని ముందే రాసుకున్నాక సకినాలు తింటుంటే మనసు పీకదు, తిరిగి వచ్చేది ఏ రోజో కూడా తెలిసే ఉంటుంది.

ఎర్ర సున్నాలు కాక ఇంకో రకం రోజులుంటాయి. జ్వరం, కరెంటు పోవడం, అనుకోని చుట్టం, బాస్ తిట్టిన రోజు. వాటికి తారీఖు వేయలేం. వాటి కోసం వారానికి రెండు రోజులు విడిగా పక్కన పెట్టండి. "వారానికి ఐదు రోజులు" అని రాసుకోవడం వేరు, "వారానికి ఏడు రోజులు, అత్యవసరానికి రెండు తప్పొచ్చు" అని రాసుకోవడం వేరు. చూడ్డానికి లెక్క ఒక్కటే. కానీ మారిసా షరీఫ్, సుజాన్ షూ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ప్రచురించిన పనిలో ఈ రెండో రకం వాళ్లే మిగతావాళ్లకన్నా ఎక్కువగా లక్ష్యం చేరారు. కారణం నాకు అర్థమైనంతలో ఇట్లా ఉంది: ఐదు రోజులే అనుకున్నవాడు సోమ, మంగళ ఉత్త పుణ్యానికి వదిలేసి చివర్లో ఇరుక్కుంటాడు. ఏడుకు రెండు నిల్వ అనుకున్నవాడు ఆ రెండింటిని అవసరానికని దాచుకుంటాడు.

పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నడిచే తీరు ఇక్కడ గుర్తు చేసుకోండి. 60 నెలలు కట్టాలి. ఒక నెల తప్పితే ఖాతా మూసేయరు, వందకు రూపాయి చొప్పున జరిమానా వేసి నడవనిస్తారు. నాలుగు వాయిదాలు తప్పితేనే ఆపుతారు, ఆ తర్వాత కూడా రెండు నెలల్లోపు వచ్చి కడితే తిరిగి తెరుస్తారు. ఐదేళ్లలో మనిషి తప్పుతాడని తెలిసే రాసిన నిబంధన అది. మీ డైరీలో అట్లాంటి నిబంధన ఒక్కటీ లేదు.

తప్పిన తెల్లారి రాసుకునే వాక్యం. దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను.

వాక్యం ఇట్లా ఉండాలి: "నిన్న కూర్చోలేదంటే, ఇవ్వాళ షోరూం నుంచి రాగానే అన్నానికి ముందు పది నిమిషాలు పాత నోట్సు తిరగేస్తాను." ఇందులో కొత్త పాఠం లేదు, మూడు గంటలు లేవు, లెక్కలు లేవు. పది నిమిషాలే. మనిషి మళ్లీ కుర్చీలో కూర్చోవడమే ఆ రోజు పని. తిరిగొచ్చిన మొదటి రోజు ఎంత చదివాడన్నది నేను పట్టించుకోను. సంతకం పడిందా, అంతే.

తప్పిన గంటలను బాకీగా మోయొద్దు. ఇదొక్కటి తెలియక మంచి మంచి పిల్లలు పడిపోవడం చూశాను. నిన్నటి మూడు, ఇవ్వాళటి మూడు, మొత్తం ఆరు అని కూర్చుంటారు. ఆరు కుదరదు, నాలుగవుతుంది. ఇంకా రెండు బాకీ. మూడో రోజుకు అప్పులవాడికి ముఖం చాటేసినట్టు పుస్తకానికే ముఖం చాటేస్తారు. పోయింది పోయింది. రేపటి పని రేపటిదే.

ములుగు వైపు నుంచి ఒక అబ్బాయి మా దగ్గరకు వచ్చేవాడు. పగలంతా మెడికల్ షాపులో పని. షాపు మూసేది ఎప్పుడో వాడి చేతిలో లేదు. వాడు పెట్టుకున్న నియమం ఒక్కటే: ఎంత ఆలస్యమైనా వచ్చి సంతకం చేసి, ఇరవై నిమిషాలు కూర్చుని పోవాలి. నేను తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డ రాత్రులు కూడా వచ్చి "సార్, ఒక్క ఇరవై నిమిషాలు" అనేవాడు. కొన్నిసార్లు విసుగొచ్చేది, నిజం చెప్పాలంటే. తర్వాత జూనియర్ అసిస్టెంట్‌గా ఎంపికయ్యాడు. ఆ ఇరవై నిమిషాల వల్లే ఉద్యోగం వచ్చిందని నేననను, చదివిన తలకాయ వాడిది. కానీ చదువుకు, వాడికి మధ్య దారం తెగకుండా ఉన్నది మాత్రం దాని వల్లే.

తిండి విషయంలో "ఎట్లాగూ చెడింది" అన్న ఆలోచన ఇంకా గట్టిగా పనిచేస్తుంది. 1975లో హెర్మన్, మాక్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత అందరి ముందూ ఐస్‌క్రీమ్ పెట్టారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు. తిండి కట్టడి చేసుకుంటున్నవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. కట్టు తెగిందనుకున్నాక ఇంక ఆపడమెందుకు అనుకున్నట్టు. సంక్రాంతికి డబ్బా నిండా సకినాలు, అరిసెలు ఉన్న ఇంట్లో బరువు తగ్గే నిర్ణయం ఎందుకు పోతుందో ఇది చెప్తుంది. రెండు సకినాలతో పోయేది ఏమీ లేదు. రెండు తిన్నాక "ఈ వారం ఇంక డైటింగ్ లేదు" అనుకోవడంతో పోతుంది.

వేళ కంటే సందర్భం గట్టిది. "పొద్దున ఆరింటికి" అని రాస్తే ఆరు దాటిన రోజున పని పోయినట్టే. "టీ తాగి గ్లాసు కడిగాక" అని రాస్తే టీ ఎప్పుడు తాగినా పని దాని వెంట వస్తుంది. మా బావ భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. షిఫ్టులు మారుతూ ఉంటాయి. ఒక వారం పొద్దున, ఇంకో వారం రాత్రి. డాక్టర్ నడవమన్నప్పుడు గడియారం పెట్టుకుని నడవబోయి రెండు మూడుసార్లు వదిలేశాడు. తర్వాత "డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బూట్లు విప్పక ముందే" అని మార్చుకున్నాడు. ఏ షిఫ్టయినా బూట్లు విప్పేది ఒక్కసారే కదా. అట్లా కుదిరింది.

ఎప్పుడు, ఎక్కడ అని ముందే రాసిపెట్టుకోవడం వెనక పరిశోధన కూడా ఉంది. 2002లో మిల్న్, ఆర్బెల్, షీరన్ అనే ముగ్గురు ఇంగ్లండులో విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు వ్యాయామం ఎంత మంచిదో చెప్పారు, ఒక గుంపుకు ఏమీ చెప్పలేదు, మూడో గుంపు చేత మాత్రం ఏ రోజు, ఏ వేళ, ఏ చోట చేస్తారో రాయించారు. రాసిన గుంపులో 91 శాతం మంది ఆ వారం వ్యాయామం చేశారు. మిగతా రెండు గుంపుల్లో 40 శాతం కూడా దాటలేదు. మంచిదని వినిపించడం వల్ల పెద్దగా ఏమీ రాలేదన్నది గమనించండి. ప్రేరణ వీడియోలు చూస్తున్నానని మీరు రాశారు. చూడండి, తప్పులేదు, కానీ అవి ఆ మొదటి గుంపుకు మంచిదని చెప్పిన మాటల లాంటివే.

ఇప్పుడు మీ జాబితాకు వద్దాం.

గ్రూప్-2. ముందు ఒక ప్రశ్న: నిజంగా రాస్తారా, లేక ఇంట్లోవాళ్ల కోసం జాబితాలో ఉందా? నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. పక్క పనిగా ఊరికే అయ్యేది కాదు. రాయాలనే ఉంటే మీ ఒక్క నిర్ణయం ఇదే కావాలి, మిగతావన్నీ ఏడాది పాటు పక్కకు జరగాలి. మూడు గంటలు అని రాయకండి. షోరూంలో రోజంతా నిలబడి వచ్చినవాడికి మూడు గంటలు అబద్ధం. ముప్పావు గంట నిజం. ముప్పావు గంట నెల రోజులు నడిచాక గంటంబావు చేయండి.

ఇంకో మాట. నోటిఫికేషన్, పరీక్ష తేదీ మీద లక్ష్యం కట్టకండి. గత గ్రూప్-2ను చూడండి. 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, నవంబరు అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టు అన్నారు, చివరికి 2024 డిసెంబరు 15, 16న జరిగింది. ప్రతి వాయిదాకూ మా దగ్గర కుర్చీలు ఖాళీ అయ్యేవి. తేదీని పట్టుకుని వేలాడినవాళ్లు తేదీతో పాటే పోయారు. "ఈ వారం పాలిటీలో ఫలానా అధ్యాయం" అని పెట్టుకున్నవాళ్లకు వాయిదా వచ్చిన రోజు కూడా మామూలు రోజే. ఫలితం మన చేతిలో లేని చోట, లక్ష్యాన్ని కూర్చునే గంటల మీద పెట్టాలి.

వాకింగ్. గ్రూప్-2 రాయరంటే అప్పుడు దీన్ని పట్టుకోండి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మాదిరి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే అరగంట చొప్పున ఐదు రోజులు. రెండు రోజుల వెసులుబాటు ఆ లెక్కలోనే ఉంది. ఒకటే ఇబ్బంది: కాజీపేట నుంచి రోజూ భద్రకాళి బండ్ దాకా వచ్చి నడవడమంటే నడక కన్నా ప్రయాణమే పెద్ద పని అవుతుంది. బండ్ చాలా బాగుంటుంది, పొద్దున చెరువు మీద గాలి, గుడి మైకు, కాదనను. దాన్ని ఆదివారానికి ఉంచుకోండి. మిగతా రోజులు ఇంటి గేటు దగ్గర మొదలై ఇంటి గేటు దగ్గర ముగిసే దారి చూసుకోండి.

పది కిలోలు. ఇది చేసే పని కాదు, చేసిన పనుల వల్ల వచ్చేది. జాబితాలో నుంచి తీసేయండి. వారానికి అర కిలో తగ్గడమే మంచి వేగం అని డాక్టర్లు అంటారు. రోజూ తూకం ఎక్కి దిగులు పడడం కన్నా వారానికోసారి ఎక్కడం నయం.

ఐదింటికి లేవడం. ఎందుకు లేవాలో రాయలేదు. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూసి ఐదింటికి లేస్తే మూడో రోజుకు షోరూంలో కునికిపాట్లే. చదువు రాత్రి కుదిరితే ఐదింటి సంగతి మరిచిపోండి. ఈ తెల్లవారుజాము పిచ్చి మన దగ్గర కొంచెం ఎక్కువ, బ్రాహ్మీ ముహూర్తంలో లేవనివాడు పైకి రాడన్నట్టు మాట్లాడతారు. మా దగ్గర రాత్రి బ్యాచ్‌లో చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

పొదుపు. దీనికి పట్టుదల అక్కర్లేదు. జీతం పడ్డ తెల్లారే బ్యాంకు నుంచి ఆర్‌డీకి దానంతట అదే పోయేట్టు ఒక్కసారి పెట్టేస్తే అయిపోయింది. ఐదు వేలు కష్టమైతే రెండు వేలతో పెట్టండి. చిట్టీ వేసే అలవాటుంటే అదీ సరే, కానీ రిజిస్టరైన చిట్టీయా కాదా చూసుకోండి.

ఫోన్, బయటి తిండి. ఈ రెండూ "మానేయాలి" రకం. స్వీడన్‌లో వెయ్యి మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనం 2020లో వచ్చింది. కొత్తగా ఒకటి మొదలుపెట్టే నిర్ణయాలు ఏడాది తర్వాత 58.9 శాతం నిలిచాయి, ఒకటి మానే నిర్ణయాలు 47.1 శాతం. అందుకని మాట తిప్పండి. బయటి తిండి మానేస్తా అనే బదులు పొద్దున సద్ది డబ్బా కట్టుకుపోతా అనండి. ఫోన్ తగ్గిస్తా అనే బదులు చార్జర్‌ను పడక గదిలో నుంచి హాల్లోకి మార్చండి. ఇవి ఒక్క పూటలో చేసి మరిచిపోయే పనులు, వీటిని నిర్ణయాల లెక్కలో వేయొద్దు.

ఎవరికి చెప్పాలి? వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దని నా అభిప్రాయం. "సూపర్ బ్రో" అని పది మంది అన్నాక పని సగం అయిపోయినట్టు అనిపిస్తుంది. అడిగేవాళ్లు ఒక్కరు చాలు, అది కూడా తిట్టకుండా అడిగేవాళ్లు. పైన చెప్పిన స్వీడన్ అధ్యయనంలోనే కొంచెం సాయం అందినవాళ్లు బాగా నిలిచారు, ఎక్కువ సాయం అందినవాళ్లు అంత బాగా నిలవలేదు. మా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు రోజూ రాత్రి ఒకరికొకరు ఒక్క మెసేజ్ పెట్టుకునేవాళ్లు: "కూర్చున్నా" లేదా "కూర్చోలే". కారణం చెప్పడం లేదు, సలహాలు లేవు. చాలా రోజులు నడిచింది.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని ఎవరో చెప్పారని రాశారు. ఆ అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట నుంచి పాకింది. తన పేషెంట్లు మారిన ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పట్టేదని ఆయన గమనించాడు. అలవాట్ల గురించి లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి చూస్తే సగటున 66 రోజులు తేలింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. నీళ్లు తాగడం లాంటివి తొందరగా, వ్యాయామం లాంటివి ఆలస్యంగా కుదిరాయి. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం ఏమీ కాలేదని కూడా అందులోనే ఉంది. కాబట్టి ఇరవై రెండో రోజున కూడా బద్ధకంగా ఉంటే మీలో లోపమని అనుకోకండి.

జనవరి ఒకటినే మొదలుపెట్టాలని కూడా ఏమీ లేదు. నర్సంపేట దగ్గర మిర్చి వేసే మిత్రుడున్నాడు. జనవరి నుంచి మార్చి దాకా కోత, ఎండబెట్టడం, ఎనుమాముల మార్కెట్ చుట్టూ తిరగడం. ఆ మనిషి జనవరిలో కొత్త పని పెట్టుకుంటే పిచ్చితనం. ఆయన ఏడాది ఉగాదికే మొదలవుతుంది. కొత్త సంవత్సరం, పుట్టినరోజు, సోమవారం, నెల మొదలు, ఇట్లాంటి రోజుల్లో మనుషులకు కొత్త ఊపు వస్తుందని 2014లో అమెరికా పరిశోధకులు చూపించారు. మనకు అదనంగా ఉగాది ఉంది, శ్రావణం ఉంది, దసరా ఉంది. ఊపు మొదలుపెట్టడానికే పనికొస్తుంది, నడిపించడానికి కాదు.

రెండు జాగ్రత్తలు. ఎంత చిన్నగా పెట్టుకున్నా ఒళ్లు సహకరించడం లేదంటే, ఎప్పుడూ నీరసమే అంటే, పట్టుదల సంగతి తర్వాత, ముందు షుగర్, థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించుకోండి. రెండు వారాలకు పైగా దేని మీదా మనసు లేకుండా ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితమే. ఇది చదివే ఇంకెవరైనా రోజూ ఎక్కువ తాగే అలవాటు ఉండి జనవరి ఒకటిన ఒక్కసారిగా మానాలనుకుంటుంటే, డాక్టర్‌ను అడిగే మానండి. కొందరికి అట్లా ఆపడం ప్రాణం మీదికి వస్తుంది.

ఇక మీరు చేయాల్సింది: ఈ ఆదివారం ఒక్క నిర్ణయం ఎంచుకోండి, మార్చి నెలాఖరు దాకా ఎర్ర సున్నాలు చుట్టండి, తెల్లారి వాక్యం డైరీ మొదటి పేజీలో కాకుండా జనవరి 17 పేజీలో రాయండి. మీకు అది కావాల్సింది అప్పుడే. మీ షోరూంకు వారంలో సెలవు ఏ రోజో, రాత్రి ఇంటికి ఎన్నింటికి చేరతారో రాయలేదు. ఆ రెండూ చెప్తే, తమ్ముడూ, ముప్పావు గంట ఎక్కడ ఇరికించొచ్చో చూసి చెప్తాను.